పరాయి కారు తేవడానికి ఇండియానా దాకా

పుణ్యం కోసం ప్రయాణం చేసేవాళ్ళు కొందరు, కొత్త ఊళ్ళు చూడటానికి చేసేవాళ్ళు కొందరు. నేను స్నేహితుడి కారు తేవడానికి ఇండియానా వెళ్ళాను. అక్కడ మొక్కజొన్న తప్ప చూడటానికి ఏముందని అడిగేవారికి ముందే చెబుతున్నాను. సోయా కూడా ఉంది.

ఫార్మింగ్టన్ హిల్స్

నేను మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన ఉంటాను. కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసి ఇచ్చే సంస్థలో ఇంజినీరును. ఇంకా వివరంగా చెప్పమంటే, మినీవ్యానుల్లో కాఫీ కప్పులు పెట్టుకునే గుంటలు నా శాఖ. ఎవరో ఒకరు చేయాలి కదా.

మురళి నాతో ఎం.ఎస్. చదివాడు. వరంగల్ వాడు. ఇప్పుడు వర్జీనియాలో, ఆష్‌బర్న్‌లో, డేటా సెంటర్ల ఉద్యోగంలో బాగా స్థిరపడ్డాడు. చదువుకునే రోజుల్లో మా అపార్ట్‌మెంట్ గోడకి ఒక స్పోర్ట్స్ కారు బొమ్మ ఉండేది. దాన్ని అంటించింది నేను. మురళి ఆ గోడకి తన తడి తువ్వాలు ఆరేసేవాడు. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోకపోయినా ఫర్వాలేదు, నేను గుర్తుంచుకున్నాను.

2013 వేసవిలో ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఒరేయ్, కారు దొరికిందిరా."

ఏ కారో అడగనక్కర్లేదు. ఆ ఏడాది ఒక కంపెనీ పరిమిత సంఖ్యలో తయారుచేసిన స్పోర్ట్స్ కారు గురించి మా ఆఫీసులో అందరూ గుసగుసగా మాట్లాడుకునేవారు. కంపెనీ పేరు రాయను, వాళ్ళు నాకేమీ ఇవ్వలేదు. ఇలాంటి కారు డబ్బుంటే దొరికేది కాదు. ఏ డీలరుకి ఎన్ని పంపాలో కంపెనీ నిర్ణయిస్తుంది. దాన్ని అలొకేషన్ అంటారు. పెద్ద డీలరుకి నాలుగైదు, చిన్న డీలరుకి ఒకటి, చాలామందికి సున్నా. వచ్చినవాడు ఊరుకుంటాడా? కంపెనీ ధర అంటించిన అద్దం మీదే పక్కన ఇంకో కాగితం అంటిస్తాడు. దాని పేరు మార్కెట్ అడ్జస్ట్‌మెంట్. అంటే కంపెనీ ధర మీద ఇంకో పాతిక వేల డాలర్లు. మన ఊళ్ళో మొదటి ఆట టికెట్లు బ్లాకులో అమ్మేవాడు చొక్కా చేతుల్లో దాచుకుని, పోలీసు వస్తే పరిగెత్తేవాడు. ఇక్కడ బ్లాకు ధర అచ్చువేసి, అద్దానికి అంటించి, దాని మీద పన్ను కూడా వేస్తారు. దేశం అభివృద్ధి చెందడమంటే ఇదే.

మురళి ఇంటి దగ్గర డీలర్లు "ఇంతకుముందు మా దగ్గర ఎన్ని కార్లు కొన్నారు?" అని అడిగారట. ఒక్కటీ లేదంటే నీళ్ళసీసా ఇచ్చి పంపారట. వాడు పట్టు వదలకుండా చిన్న చిన్న ఊళ్ళన్నిటికీ ఫోన్లు చేశాడు. చివరికి ఇండియానాలో వాల్ట్ అనే పెద్దాయన, కంపెనీ ధరకే, పైన ఒక్క డాలరు లేకుండా, ఇస్తానన్నాడు.

"చాలా సంతోషంరా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఒక్కటే ప్రాబ్లం. అది గేరు కారు. నాకు గేర్లు రావు కదరా. నేను నేర్చుకున్నదే ఈడ, ఆటోమేటిక్ మీద. నువ్వు రావాలె. ఇండియానా నుంచి మా ఇంటిదాక నువ్వే నడుపు. నీ వ్యాను నేను తోలుకొస్త."

నేను మా మేనమామ జీపు మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాణ్ణి. నాలుగైదు రాష్ట్రాల మీదుగా ఆ కారు, నా చేతుల్లో. స్నేహితుడి కోసం ఆ మాత్రం కష్టపడకపోతే ఎలా అని ఒప్పుకున్నాను.

"ఆయన కారు తేవడానికి మీరెందుకండీ సెలవు పెట్టడం?" అంది మా ఆవిడ సుధ.

"స్నేహం" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి కాసేపు చూసింది. "కుళ్ళుకోవడానికి కూడా మీ ఆఫీసులో సెలవిస్తారా?" అని పులిహోర కలపడానికి లోపలికి వెళ్ళింది.

టొలీడో దాటాక

మురళి విమానంలో డెట్రాయిట్ వచ్చాడు. ఇద్దరం నా వ్యానులో బయల్దేరాం. టొలీడో దాటితే భూమికి ఎత్తుపల్లాల మీద విసుగు పుట్టినట్టుంటుంది. చపాతీల పీటలా సాగిపోతుంది. మధ్యమధ్య ఒక గాదె, ఒక చర్చి, పొలానికి మందు కొట్టే మిషను.

మురళి దారి పొడవునా తన కారు గురించి చెప్పాడు. ఇంజను శక్తి చెప్పాడు, సీట్ల కుట్టుకి వాడిన దారం రంగు చెప్పాడు. నాకు అన్నీ తెలుసు. తెలియనట్టు వినడానికి చాలా ఓపిక కావాలి.

"గేర్లు రాకుండా గేరు కారు ఎలా బుక్ చేశావురా?" అని అడిగాను.

"ఆటోమేటిక్‌ల చేస్తలేరు. ఏం చేయాలె మరి? పెళ్ళి కుదిరినంక వంట నేర్చుకుంటరు కదా, గట్లనే."

"ఎవరు నేర్చుకుంటారు?"

"నేనే నేర్చుకున్న" అన్నాడు. అది నిజమే. ఉప్మా బాగా చేస్తాడు.

మధ్యాహ్నం వాల్ట్ ఊరు చేరి చిన్న హోటల్లో తినడానికి ఆగాం. ఇండియానా వాళ్ళకి ఒక శాండ్‌విచ్ ఉంది. పంది మాంసాన్ని అప్పడంలా సాగగొట్టి, వేయించి, చిన్న బన్ను మధ్య పెడతారు. బన్ను చుట్టూ జానెడు మాంసం బయటికి వేలాడుతుంది. పిల్లాడికి తాతగారి చొక్కా తొడిగినట్టు ఉంటుంది. మేమిద్దరం చీజ్ పెట్టిన రొట్టె తిన్నాం. చెరొక ఆపిల్ పై ముక్కతో కలిపి ఇద్దరికీ పదిహేను డాలర్లు. మా డెట్రాయిట్ వైపు అయితే ఆ ధరకి పై ముక్కని చూపిస్తారు.

వడ్డించే ఆవిడకి అరవై ఏళ్ళుంటాయి. మమ్మల్ని చూడగానే, "వాల్ట్ కారు కోసం వచ్చింది మీరేనా?" అంది.

"మీకెలా తెలుసు?" అన్నాడు మురళి.

"ఈ ఊళ్ళో ఈ వారం ఇంకేమీ జరగలేదు. మా మరిది కూడా అడిగాడు ఆ కారు. వాల్ట్ ఇవ్వనన్నాడు. కొన్న మర్నాడే లాభానికి అమ్మేస్తాడని ఆయనకి తెలుసు." కాఫీ పోస్తూ కాస్త వంగింది. "నిజంగానే అమ్మేస్తాడు. మంచివాడే, కానీ అమ్మేస్తాడు. నడిపేవాడికే ఇస్తానని వాల్ట్ పంతం. ముందు పక్కన కూర్చుని నడిపించి చూస్తాడట."

మురళి చేతిలో పై ముక్క ఆగిపోయింది.

వాల్ట్ గారి షోరూమ్

షోరూమంటే మార్బుల్ నేల, కాఫీ మిషను, సెంటు వాసన ఊహించుకోకండి. వాల్ట్ అమ్మేవి ముఖ్యంగా రైతుల పికప్ ట్రక్కులు. ఏళ్ళ తరబడి అవి బాగా అమ్మినందుకు కంపెనీ మెచ్చి ఈ ఒక్క కారు పంపిందట. ట్రక్కుల మధ్య అది ఎర్రగా, నేలకి జానెడు ఎత్తులో కూర్చుని ఉంది. నేను దగ్గరికి వెళ్ళి చుట్టూ తిరిగాను. ఎక్కడైనా లోపం కనిపిస్తుందేమోనని చూశాను. వృత్తి అలవాటు అని చెప్పుకోవచ్చు.

వాల్ట్ పొడుగాటి మనిషి, మాట పొట్టి. "పైన డబ్బు ఎందుకు తీసుకోవడం లేదు?" అని అడిగాను.

"ఆదివారం చర్చిలో నా దగ్గర కొన్నవాళ్ళందరూ నా వెనక బెంచీల్లోనే కూర్చుంటారు" అన్నాడు. తర్వాత మురళి చేతిలో తాళం పెట్టాడు. "ధాన్యం గోడౌను దాకా వెళ్ళి వద్దాం. మీరు నడపండి."

మురళి నన్ను చూశాడు. నేను కారు వంక చూశాను.

బయటికి తెచ్చి పెట్టిన కారులో ఇద్దరూ కూర్చున్నారు. ఇంజను మోగింది. ఆ తర్వాత కారు కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోయింది. మళ్ళీ మోగింది, మళ్ళీ గెంతింది. నాలుగోసారి వాల్ట్ చెయ్యి చాచి తాళం తిప్పేసి, నెమ్మదిగా దిగాడు. నన్ను పిలిచి, "మీకు వచ్చా?" అన్నాడు.

వచ్చు. ఎక్కి, వెనక్కి తీసి, తిప్పి, షోరూమ్ తలుపు ముందు పెట్టాను. పట్టుమని నిమిషం కూడా పట్టలేదు. ఆ నిమిషం గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి.

నేను దిగగానే వాల్ట్ అన్నాడు: "కావాలంటే మీ పేరు మీద రాస్తాను. అదే ధర."

మురళి పక్కనే నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. నేను వెంటనే వద్దనలేదు. బాగా ఆలస్యమైందని మురళి ఇప్పటికీ అంటాడు. అంతేమీ లేదు. ఇంటి అప్పు, పిల్లల చదువు, సుధ మొహం, ఈ మూడూ ఒకదాని తర్వాత ఒకటి కళ్ళముందుకు రావడానికి పట్టినంతసేపే. సుధ మొహం దగ్గర కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"కారు వాడిది" అన్నాను. "రేపు ఎన్నింటిదాకా తెరిచి ఉంటారు?"

"మధ్యాహ్నం దాకా."

"అప్పటికి వాడు మిమ్మల్ని గోడౌనుకి తీసుకెళ్తాడు."

వాల్ట్ మురళిని పైనుంచి కిందికి చూశాడు. "వెనక నా పాత ట్రక్కు ఉంది. గేర్లదే. దాన్ని పాడుచేయడం ఇక ఎవరివల్లా కాదు. రేపు మధ్యాహ్నానికి రాకపోతే ఇంకొకరికి ఇస్తాను."

జాతర మైదానం

ఊరి చివర కౌంటీ జాతర జరిగే మైదానం ఉంది. జాతరకి ఇంకా టైముంది కాబట్టి ఖాళీగా ఉంది. వాల్ట్ ట్రక్కు నా వయసుది, నాకన్నా గట్టిది.

ఇక్కడ ఒక మాట. పాఠం సరిగ్గా చెప్పకపోతే కారు వాడికి దక్కదు. అంత పెద్ద పాపం కూడా కాదు. కొంచెం అస్పష్టంగా చెబితే చాలు, మన కాలేజీలో సగం మంది లెక్చరర్లు చేసిన పనే. ఆ ఊహ నాకు రాలేదని అనను. కానీ ఎదుటివాడికి తెలియని సంగతి మనకి తెలిసినప్పుడు, దాన్ని దాచుకోగల తెలుగువాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

"ఎడమ కాలు పూర్తిగా తొక్కు. ఇప్పుడు మెల్లిగా వదులు."

ట్రక్కు ఎగిరిపడింది.

"మెల్లిగా అన్నాను."

"మెల్లిగనే వదిలిన."

"నువ్వు వదిలింది క్లచ్ కాదు, బాంబు. ఇండియాలో స్కూటర్ ఉండేదా నీకు?"

"మా నాయనది ఉండె."

"దాని క్లచ్ చేత్తో ఎలా వదిలేవాడివి? అదే ఇప్పుడు కాలితో. ఒకచోట బండి వణుకుతుంది చూడు, ముందుకు పోవాలా వద్దా అని. అక్కడ ఆగు. అక్కడ ఒక్క క్షణం ఓర్చుకో."

ఆ వణుకు పట్టుకోవడానికి వాడికి రెండు గంటలు పట్టింది. ఈలోపు పశువుల కొట్టం దగ్గర దూడకి నీళ్ళు పెడుతున్న ఒకావిడ రెండుసార్లు దూడని లోపలికి లాక్కెళ్ళింది. మురళి చెమటలు కక్కాడు. "నా వల్ల కాదురా. నువ్వు తీస్కో కారు" అని ఒకసారి స్టీరింగు మీద తల పెట్టాడు. ఆ మాట నిజంగా అన్నాడో, అలిసిపోయి అన్నాడో నేను తెలుసుకోదలుచుకోలేదు.

"తల తియ్యి. హారన్ మోగుతోంది" అన్నాను.

సాయంత్రానికి వాడు మైదానం చుట్టూ రెండో గేరులో, మూడో గేరులో తిరుగుతున్నాడు. నేను దిగి కంచె దగ్గర నిలబడి చూశాను. బాగా నడుపుతున్నాడు. నా శిష్యుడు మరి. అప్పుడే, చాలా ఆలస్యంగా, నాకొక అనుమానం మొలిచింది. వీడికి డ్రైవింగ్ వచ్చేస్తే, ఇక్కడి నుంచి కారు నడిపేదెవరు?

శనివారం

మురళి వాల్ట్‌ని గోడౌను దాకా తీసుకెళ్ళి తెచ్చాడు. ఒక్కసారి కూడా ఆగలేదు. వాల్ట్ దిగి, "రెండో గేరులో కాస్త తొందరపడుతున్నారు" అన్నాడు. ఆయన భాషలో అది శాలువా కప్పడం.

ఆష్‌బర్న్ నుంచి మురళి భార్య లావణ్య ఫోన్లో ఆదేశాలిచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. ఊళ్ళో సూపర్‌మార్కెట్లో ఒక్కోటి అరవై సెంట్లు. మేం వాటిని చక్రాల కింద పెడుతుంటే వాల్ట్ జేబుల్లో చేతులు పెట్టుకుని చూశాడు.

"టైర్లకి మంచిదా?" అన్నాడు.

"యజమానికి మంచిది" అన్నాను.

"మా నాన్న కొత్త ట్రాక్టరుకి బీరు పోసేవాడు" అన్నాడాయన.

కారులో సామాను పెట్టే చోటంటే రెండు చెప్పుల జతలు పట్టేంత. మురళి సూట్‌కేసు, కారు మీద కప్పే గుడ్డ పెట్టె, వాల్ట్ భార్య ఇచ్చిన మొక్కజొన్న కంకుల సంచీ, అన్నీ నా వ్యానులోకి వచ్చాయి. నేను చెయ్యి చాచకుండా, చాచినట్టు కనబడకుండా, తాళం వైపు నిలబడ్డాను.

"కొద్దిసేపు నేను నడుపుతరా" అన్నాడు మురళి. "చెయ్యి మంచిగ కుదిరింది. నువ్వు ఎనకనే రా."

ఒహాయో

కొద్దిసేపు అంటే ఒహాయో రాష్ట్రం మొత్తం. ఆ రాష్ట్రాన్ని నేను చూడలేదు. ఒక ఎర్ర కారు వెనక భాగాన్ని చూశాను. వెనక నుంచి కూడా అందంగానే ఉంది. అది మరీ అన్యాయం.

పెట్రోలు కోసం ఆగిన ప్రతిచోటా జనం చేరేవారు. మురళి బానెట్ ఎత్తి చూపించేవాడు. "పైన ఎంత కట్టారు?" అని అందరిదీ ఒకటే ప్రశ్న. "ఏమీ లేదు" అని వాడు చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూసి నాకు కొంత ఊరట కలిగింది. ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. ఒకచోట ఒక పెద్దాయన తన భార్యని కారు పక్కన నిలబెట్టి ఫోటో తీస్తూ, నా వైపు తిరిగి, "ఏమీ అనుకోకండి, మీ వ్యాను కొంచెం పక్కకి తీస్తారా, ఫోటోలో పడుతోంది" అన్నాడు.

తీశాను.

పిట్స్‌బర్గ్ గుడి

రాత్రి దారిలో మోటెల్లో పడుకుని, ఆదివారం పొద్దున్నే పిట్స్‌బర్గ్ చేరాం. కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. ఈ వైపు తెలుగువాళ్ళు కొత్త కారు కొంటే ఇక్కడికి తేకుండా ఉండరు. వాహన పూజకి పూజారి గారు కొబ్బరికాయతో బయటికి వచ్చి నేరుగా నా వ్యాను దగ్గరికి నడిచారు.

"అది కాదండీ, ఇది" అన్నాడు మురళి.

ఆయన వంగి కారు లోపలికి చూశారు. "ఇందులో పిల్లలు ఎక్కడ కూర్చుంటారు నాయనా?"

"కూర్చోరండీ."

ఆయన మంత్రం అందుకున్నారు. బానెట్ మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తుంటే రంగు పాడవుతుందేమోనని మురళి ఊపిరి బిగబట్టాడు. నేను మామూలుగానే పీల్చుకున్నాను.

కింద క్యాంటీన్‌లో పులిహోర, పెరుగన్నం తిన్నాం. చేతులు కడుక్కుని పార్కింగులోకి వచ్చాక, మురళి జేబులోంచి తాళం తీసి నా ముందు పట్టుకున్నాడు.

"ఇక్కడినుంచి నువ్వు నడుపుతవా?"

ఇండియానా నుంచి ఆ మాట కోసమే వస్తున్నాను. కానీ ఎవరైనా ఏదైనా ఇస్తే మొదటిసారే తీసుకుంటామా? మా ఇళ్ళల్లో కాఫీ అయినా మూడుసార్లు అడిగితేనే తాగుతాం. మొదటి వద్దు మర్యాదకి, రెండోది మొహమాటానికి, మూడోసారి ఆయాసపడుతూ "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి" అంటాం. అందుకని, "ఎందుకులేరా, నువ్వే నడుపు" అన్నాను.

"ష్యూరా?"

"ఆఁ."

"ఓకే" అని తాళం జేబులో వేసుకుని వెళ్ళి కారెక్కాడు.

ఒకప్పుడు ఇలా ఉండేవాడు కాదు. ఇంకో గారె వేసుకోమని అయిదుసార్లు అడిగేవాడు. ఈ దేశం మనుషుల్ని ఏం చేస్తుందో చాలామంది చాలా రాశారు. ఇది ఎవరూ రాసినట్టు లేదు.

ఆష్‌బర్న్

పెన్సిల్వేనియా కొండలు చాలా అందంగా ఉంటాయని విన్నాను. ఆ మలుపుల్లో కారు వంగి, లేచి, గేరు మారుతున్న శబ్దం నా కిటికీలోంచి వినిపిస్తూనే ఉంది. రెండో గేరులో ఇప్పుడు తొందరపడటం లేదు.

ఆష్‌బర్న్ చేరేసరికి ఎండ వాలింది. లావణ్య హారతి పళ్ళెంతో గరాజ్ ముందు నిలబడి ఉంది. ఆమె మా తెనాలి వైపు అమ్మాయి, నన్ను అన్నయ్యగారూ అంటుంది. హారతి అయ్యాక, వ్యాను దిగుతున్న నన్ను, కారు దిగుతున్న మురళిని మార్చి మార్చి చూసింది.

"అదేంటి, అన్నయ్యగారు కదా కారు నడుపుతానన్నారు?"

"నేర్పింది వాడే" అన్నాడు మురళి గర్వంగా. "పిట్స్‌బర్గ్‌ల తాళం ఇచ్చిన. వద్దన్నడు."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒకసారి. ష్యూరా అని గూడ అన్న."

ఆమె పళ్ళెం గరాజ్ గట్టు మీద పెట్టేసింది. "ఒక్కసారి అడిగి ఊరుకున్నారా? ఆయన కాఫీ అయినా ఒక్కసారికి తాగుతారా? పాపం, ఇంత దూరం మీ సూట్‌కేసు మోసుకొచ్చారు." నా వైపు తిరిగింది. "మీరు చెప్పద్దా అన్నయ్యగారూ?"

"అబ్బే, నాకేముందమ్మా" అన్నాను.

మురళి మొహంలో నిజమైన ఆశ్చర్యం కనిపించింది. "నీకు నడపాలని ఉండెనారా?" అని తాళం తీశాడు. "పో, ఒక రౌండు..."

వాక్యం పూర్తయ్యేదాకా ఆగలేదు. తాళం నా చేతిలోకి వచ్చేసింది. మూడుసార్లు అడగాలన్న నియమం అప్పుడు గుర్తుకు రాలేదు.

ఒక్కణ్ణే వెళ్ళాను. ఆష్‌బర్న్‌లో కిటికీలు లేని పొడవాటి డేటా సెంటర్ల మధ్య తిన్నని రోడ్లున్నాయి. ఆదివారం సాయంత్రం అక్కడ ఎవరూ ఉండరు. మొదటి గేరు, రెండో గేరు, మూడో గేరు. మూడు రోజులుగా ఆ కారు చెప్పుకున్నంత గొప్పది కాదని తేలితే బాగుండునని లోపల లోపల మొక్కుకుంటున్నాను. స్టీరింగు బరువుగా ఉండొచ్చు, సీటు నడుముకి పడకపోవచ్చు, ఏదో ఒకటి. అలాంటిదేమీ లేదు. చెప్పుకున్నదానికంటే బాగుంది. ఒకే రోడ్డు మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, అయిదోసారి తిరగడానికి సిగ్గేసి, ఇంటికి తెచ్చి గరాజ్ ముందు ఆపాను.

మురళి పరిగెత్తినట్టు వచ్చి కిటికీ దగ్గర వంగాడు. ఇంత దూరం ఎవరెవరో మెచ్చుకున్నా, వాడు ఎదురుచూస్తున్నది నా మాట కోసమేనని వాడి కళ్ళల్లో తెలుస్తోంది.

"ఎట్లుందిరా?"

నేను దిగి, తలుపు జాగ్రత్తగా వేసి, తాళం వాడి చేతిలో పెట్టాను.

"బానే ఉంది" అన్నాను. "క్లచ్ కాస్త గట్టి."